తీపికి వాసన లేదు

నమస్కారం. వెనుక వరుసల వరకూ వినిపిస్తోందా? మంచిది.

ముందు వరుసవారి చేతికి ఒక చిన్న గిన్నె ఇస్తున్నాను. అందులో ఉన్నది పంచదార, మరేమీ కలపలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన ఎలా ఉందో చెప్పి పక్కవారికి అందించండి. ఏమీ రావడం లేదంటున్నారు. ఇంకాస్త గట్టిగా పీల్చండి. రాదు. సాయంత్రం దాకా పీల్చినా రాదు. ఒక పదార్థం వాసన మనకు తెలియాలంటే దాని అణువులు గాలిలోకి లేచి ముక్కు దాకా రావాలి. పంచదార అణువుకు ఆ తేలికదనం లేదు. వేడి చేస్తే లేవడం అటుంచి, మాడిపోతుంది. తీపి పూర్తిగా నాలుక వ్యవహారం. తీపికి వాసన లేదు.

మరి తియ్యని వాసన అని రోజూ అంటుంటాం కదా? అది మెదడు రాసుకున్న లెక్క. ఏ వాసన తియ్యని పదార్థంతో కలిసి పదేపదే వచ్చిందో దాన్ని మెదడు తీపి ఖాతాలో వేసేస్తుంది. వెనిలా పరిమళానికి ఆధారమైన వెనిలిన్ విడిగా నాలుక మీద తియ్యగా ఉండదు, కాస్త చేదుగానే ఉంటుంది. ముక్కు మాత్రం అది తీపేనని ఒట్టు వేసి చెబుతుంది.

పరిమళాల్లో తేనె వాసన గురించి మాట్లాడటానికి వచ్చి, మొదటి నిమిషంలోనే తీపిని బయటికి పంపించేశానేమిటని మీకు అనిపించవచ్చు. కావాలనే పంపించాను. అది గదిలో ఉన్నంతసేపూ ఈ విషయం అర్థం కాదు.

పెర్ఫ్యూమర్లు, అంటే నాలాగా సెంట్లు కూర్చేవాళ్లు, తమ పరిభాషలో సగం సంగీతం నుంచి అరువు తెచ్చుకున్నారు. నోట్ అంటారు, అకార్డ్ అంటారు, సీసాలు మెట్లు మెట్లుగా పేర్చుకుని కూర్చునే బల్లను ఆర్గన్ అంటారు. ఒక మిశ్రమంలో విడిగా గుర్తుపట్టగలిగే ఛాయ నోట్. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారిని పూల మిశ్రమంలో తేనె నోట్ కావాలని అడగండి, చెయ్యి నేరుగా వెనిలిన్ సీసా మీదికి వెళుతుంది. నా చెయ్యీ అలాగే వెళ్లింది. చివరికి తేలేది మిఠాయి వాసన. పువ్వు దాని అడుగున ఊపిరాడక పోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తేనె నోట్ తీపి గురించి చెప్పదు, పువ్వు ముదరడం గురించి చెబుతుంది. మొగ్గ వాసన వేరు. అప్పుడే విచ్చిన పువ్వు వాసన వేరు. పుప్పొడి రాల్చి, ఎండకు సోలి, రేపో మాపో రాలిపోబోయే పువ్వు వాసన మరీ వేరు. పండు పండుతుందంటాం, పువ్వు పండుతుందని ఎవరూ అనరు. కానీ పువ్వు కూడా పండుతుంది, ఆ వాసనకే మనం తేనె అని పేరు పెట్టుకున్నాం.

మన భాషలో మకరందం వేరు, తేనె వేరు. పువ్వులో ఉన్నంతసేపూ మకరందం. దాన్ని తేనెటీగ తాగి, పొట్టలో మోసుకొచ్చి, పట్టులో మరో ఈగ నోటికి అందించి, ఎంజైములతో విరిచి, రెక్కల గాలికి ఆరబెట్టి, నీరు ఐదో వంతు కంటే తక్కువకు దిగాక గూటికి మైనం మూత వేస్తే, అది తేనె. పువ్వుకూ తేనెకూ మధ్య ఒక ప్రాణి ఒళ్లు ఉంది. ఈ మాట మనసులో ఉంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

తేనెలో నాలుగింట మూడు వంతులకు మించి చక్కెరలే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరు. వాసననిచ్చే పదార్థాలన్నీ కలిపి లెక్క వేసినా చిటికెడు కూడా కావు. అందుకే తేనెను తెచ్చి సీసాలో పోస్తే సెంటు కాదు. ఆల్కహాలులో దాని చక్కెరలు సరిగా కరగవు, చర్మం మీద మిగిలేది జిగట. తేనె నోట్ ఉన్న పెర్ఫ్యూములో తేనె ఉండదు. ఇది మోసమేమీ కాదు. చిత్రంలోని నిప్పు కాగితాన్ని కాల్చదు కదా.

ఇప్పుడు మీ ముందున్న కవర్లు తెరవండి. మూడు కాగితపు పట్టీలు ఉంటాయి, అంకెలు వేసి ఉన్నాయి. వరుస తప్పకుండా చూడండి. మూడోదాన్ని ముందు తెరిస్తే మిగతా రెండూ తెలియవు.

మొదటిది. అందరూ గులాబీ అంటున్నారు. సరే. దీని పేరు ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్. గులాబీ రేకులను ద్రావకంలో నానబెట్టి తీసిన అబ్సల్యూట్ అనే సారంలో సగానికి పైగా ఉండేది ఇదే. అవే రేకులకు ఆవిరి పట్టి నూనె తీస్తే మాత్రం అందులో కొద్దిగానే కనిపిస్తుంది. ఇది నీటిలో కరిగే రకం, కాబట్టి నూనెను వదిలి పన్నీరులోకి జారుకుంటుంది. పన్నీరు వాసన గులాబీ నూనె కంటే గులాబీలా ఉంటుందని కొందరు అంటారు, అందులో నిజం ఉంది. మంచి వాసన, మర్యాదస్తురాలు, కాస్త విసుగు కూడా. పది నిమిషాలు చూస్తే ఇక కొత్తగా చెప్పేదేమీ ఉండదు.

రెండోది. ఒకరు ఆకు అంటున్నారు, ఒకరు విరిచిన కాడ అంటున్నారు. అడుగున ఇంకేదో ఉందని ఆ మూల నుంచి ఒకరన్నారు, ఆ ముక్కును నేను పనిలోకి తీసుకుంటాను. ఇది ఫినైల్ అసిటాల్డిహైడ్. వసంతంలో దుంప నుంచి లేచే హయసింత్ పువ్వు వాసన చాలా వరకు దీనితోనే కడతారు. పచ్చిగా, పదునుగా ఉంటుంది. అడుగున ఉన్న ఇంకేదో తేనె. నిజమైన తేనెలోనూ ఇది ఉంటుంది, నిలవ పెరిగినా వేడి తగిలినా ఎక్కువవుతుంది. రాత్రిపూట తిరిగే ఎన్నో రకాల చిమ్మటలకు ఇదంటే చెప్పలేనంత ఆశ. వాటిని పట్టే ఉచ్చుల్లో ఎరగా దీన్ని వాడతారు.

మూడోది. నెమ్మదిగా. పట్టీని ముక్కుకు ఆనించకండి, జానెడు దూరంలో ఊపండి.

(సభలో నవ్వులు, గుసగుసలు.)

చూశారా, ఇంతసేపూ ఒక్క మాట మీద ఉన్న గది రెండుగా చీలిపోయింది. సగం మంది తేనె అంటున్నారు, మైనం అంటున్నారు. మిగతా సగం మంది నావైపు కోపంగా చూస్తున్నారు. మొహమాటం వద్దు, ఆ మాట నేనే అంటాను: మూత్రశాల. గుర్రపుశాల అన్నవారూ ఉన్నారు. ఇద్దరూ ఒప్పే. ఇది ఫినైల్ అసిటిక్ ఆమ్లం, నూటికి ఒక్క పాలు ద్రావణం. ఒక్క పాలే.

ఈ మూడింటి వెనుక ఒకే కుటుంబం ఉంది. ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం మొక్కలోనూ ఉంటుంది, మన ఒంట్లోనూ ఉంటుంది. మొక్క దాన్ని విరిచినప్పుడు ఆరు కార్బన్ల ఉంగరం, దానికి రెండు కార్బన్ల తోక మిగులుతాయి. మూడు పట్టీలలోనూ అదే ఉంగరం, అదే తోక. తేడా అంతా తోక చివరే. అక్కడ ఆల్కహాలు ఉంటే గులాబీ. ఆక్సీకరణంలో ఒక మెట్టు ముందుకు వెళ్లి ఆల్డిహైడ్ అయితే హయసింత్. ఇంకో మెట్టు వెళ్లి ఆమ్లమైతే తేనె. ఇనుము తుప్పు పట్టడం ఆక్సీకరణమే, కోసిన పండు నల్లబడటమూ అదే. గులాబీ నుంచి తేనె దాకా ఉన్న ఈ రెండు మెట్లు నాకు పువ్వు వయసులా కనిపిస్తాయి. ఇది కేవలం అలంకారం కాదు. రెండో పట్టీలోని ఆల్డిహైడ్‌ను సీసాలో ఊరికే వదిలేయండి, గాలి తగిలి కొంత ఆమ్లంగా మారుతుంది. అంటే హయసింత్ తనంతట తానే తేనెలోకి ముదురుతుంది. దానితోపాటు అణువులు ఒకదానికొకటి అతుక్కుని ద్రవం చిక్కబడుతుంది కూడా, అందుకే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ వంటిదాంట్లో పలుచన చేసి దాస్తారు. గులాబీని కాపలా పెట్టి హయసింత్‌ను కుర్రతనంలో ఉంచడమన్నమాట.

మూడో పట్టీ దగ్గరకే మళ్లీ వస్తాను, అసలు కథ అక్కడే ఉంది. కంపు అనే మాట తీసుకోండి. ఇవాళ ఆ మాట వింటే ముక్కు మూసుకుంటాం. కానీ పాత కావ్యభాషలో కంపు అంటే సువాసన కూడా. నిఘంటువు తెరిస్తే పరిమళం, దుర్వాసన అని రెండర్థాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. కాలం గడిచేకొద్దీ మంచి అర్థం రాలిపోయి చెడ్డది మిగిలింది. ఈ పట్టీకి సరిపోయే మాట ఆ పాత కంపే. సువాసన అన్నా దుర్వాసన అన్నా సగమే చెప్పినట్టవుతుంది.

దీన్ని నేను పుస్తకంలో నేర్చుకోలేదు. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక పూలగుత్తి మిశ్రమం తూకం వేస్తున్నాను. సూత్రంలో ఈ ఆమ్లం 1 శాతం ద్రావణంగా వేయాలని రాసి ఉంది. పక్కనే అసలు స్ఫటికాల సీసా ఉంది, తెల్లగా, అమాయకంగా, కలకండ పొడిలా. నేను అందులోంచి తీసి తూచాను. అంటే వేయవలసినదానికి నూరు రెట్లు. కలుపుతున్నంతసేపూ నా ముక్కు అలవాటు పడిపోయింది, నాకేమీ తెలియలేదు. తలుపు తీసి లోపలికి వచ్చినవారు గుమ్మంలోనే ఆగి, ఇక్కడ ఏ జంతువును కట్టేశారని అడిగారు. ఆ గదిలో మూడు రోజులు ఎవరూ పని చేయలేదు. నా చొక్కా సంగతి అడగకండి.

మోతాదు మారితే వాసన ఎందుకు మారుతుంది? పలుచగా ఉన్నప్పుడు ముక్కులోని కొన్ని గ్రాహకాలే దానికి స్పందిస్తాయి, చిక్కబడితే మరికొన్ని కూడా మేల్కొని కొత్త మాట అందుకుంటాయి, అందుకని మెదడుకు అందే చిత్రమే వేరవుతుంది. పూలలో ఉండే ఇండోల్ కూడా ఇలాంటిదే. చిక్కగా ఉంటే కుళ్లు, పలుచగా ఉంటే తెల్లపూల గుండె. కానీ ఇండోల్ బాగా పేరు పడింది, ప్రతివారూ దాని గురించే చెబుతారు. ఫినైల్ అసిటిక్ ఆమ్లం అంతకంటే మోసకారి. ఎందుకంటే ఇండోల్ ముందే హెచ్చరిస్తుంది. ఇది తేనె అని నమ్మిస్తూ నమ్మిస్తూ ఒక్క చుక్క తేడాతో గుర్రపుశాలలోకి నెట్టేస్తుంది.

అలాంటప్పుడు దీన్ని వాడటమెందుకు, దూరంగా ఉంచవచ్చు కదా? ఉంచి చూడండి. గులాబీ ఆల్కహాలు, మల్లె వాసననిచ్చే బెంజైల్ అసిటేట్, ఇంకో నాలుగు పదార్థాలతో ఒక పూలగుత్తి కట్టండి. బాగుంటుంది. సబ్బులా బాగుంటుంది. కాగితం పూలకు సెంటు కొట్టినట్టుంటుంది. అందులో ఈ 1 శాతం ద్రావణం ఒకటి రెండు చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు చూస్తే తేనె వాసనేమీ రాదు. కానీ పూలకు పుప్పొడి వచ్చి ఉంటుంది. వాటి మీద ఎండ పడి ఉంటుంది. ఏవో కొన్ని రేకులు అంచుల్లో ముడుచుకుని ఉంటాయి. చావు తెలియని పువ్వును ముక్కు నమ్మదు.

ఆమ్లం ఒక్కటే కాదు, దాని ఎస్టర్లు, అంటే అది ఆల్కహాలు వంటివాటితో కలిస్తే పుట్టేవి, ఒక పెద్ద సంసారం. మిథైల్, ఇథైల్ ఎస్టర్లు తేలికైనవి, తేనె అని గట్టిగా చెప్పి త్వరగా వెళ్లిపోతాయి. గులాబీ ఆల్కహాలుతో తేనె ఆమ్లాన్ని పెళ్లి చేస్తే వచ్చేది ఫినైల్ ఇథైల్ ఫినైల్ అసిటేట్. బరువైనది, కాస్త చలికే గడ్డకట్టేస్తుంది. పట్టీ మీద రోజుల తరబడి ఉంటుంది, గులాబీ తేనెలో ఊరినట్టు. నాకు చాలా ఇష్టం. పారా క్రెసిల్ ఎస్టర్ మరీ మొరటుది. గుర్రం, ఎండుగడ్డి, అడుగున నార్సిసస్ పువ్వు. చుక్కలో చుక్క చాలు.

ఇక సహజ పదార్థాలు. మిమోసా గురించి కాస్త తీరిగ్గా చెబుతాను, మిగతావాటికి ఆమాత్రం న్యాయం చేయలేకపోయినా ఏమనుకోకండి.

పెర్ఫ్యూమర్లు మిమోసా అనేది అసలు మిమోసా కాదు. అకేసియా డీల్‌బాటా, తుమ్మ జాతి చెట్టు. ఆస్ట్రేలియాలో పుట్టి, 19వ శతాబ్దంలో దక్షిణ ఫ్రాన్స్ చేరింది. తోటల్లోంచి తప్పించుకుని టానెరాన్ కొండలంతా అడవిలా అల్లుకుంది. జనవరి నుంచి మార్చి మధ్యలో, మిగతా చెట్లు ఇంకా చలికి ముడుచుకుని ఉండగానే, ఇది నిలువెల్లా పసుపుపచ్చ బంతులు తొడుక్కుంటుంది. ఆ బంతిని దగ్గరగా చూస్తే రేకులు దాదాపు కనిపించవు. కనిపించేవన్నీ కేసరాలే, వాటి కొసల్లో పుప్పొడి. ఈ చెట్టు తేనె వాసనకు రహస్యం అదేనని నా అనుమానం. రేకుల వాసన లేదు, పుప్పొడి వాసనే ఉంది. మొగ్గ విచ్చగానే ముదిరిన పువ్వు.

ఆ కొండల పక్కనే ఉంది గ్రాస్ పట్టణం. పరిమళాల తయారీకి సంబంధించిన అక్కడి నైపుణ్యాలను యునెస్కో 2018లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. పూలకొమ్మలను హెక్సేన్ వంటి ద్రావకంలో నానబెట్టి, ద్రావకాన్ని ఆవిరి చేస్తే మైనంలాంటి ముద్ద మిగులుతుంది, దాన్ని కాంక్రీట్ అంటారు. కట్టడాల కాంక్రీటుకు దీనికి పేరే పోలిక. దాన్ని ఆల్కహాలులో కలిపి, చల్లబరిచి, గడ్డకట్టిన మైనాన్ని వడకట్టి, ఆల్కహాలును తీసేస్తే అబ్సల్యూట్. మిమోసా అబ్సల్యూట్ పసుపు ఛాయలో చిక్కగా ఉంటుంది. మూత తీయగానే ఎవరూ అబ్బా అనరు. మొదట దోసకాయ తొక్క, తడి ఆకు. పావుగంట తరువాత మైనం. ఇంకో గంటకు పుప్పొడి, పౌడరు, పలుచని తేనె. మర్నాడు కూడా పట్టీ మీద అదే ఉంటుంది, గొంతు పెంచకుండా. ఇందులో మూడో పట్టీలోని ఆ జంతువు దాదాపు లేదు. తేనె నోట్‌ను పిల్లలకు పరిచయం చేయాలంటే దీనితోనే మొదలుపెట్టాలి.

దీని దాయాది కాసీ, అకేసియా ఫార్నేసియానా. రోములోని ఫార్నేసే తోటల మీదుగా ఆ పేరు వచ్చింది. మిమోసా కంటే ఘాటు, కొంచెం తోలు, కొంచెం మసాలా. కారోన్ సంస్థ 1947లో దాని పేరుతోనే ఫార్నేసియానా అనే పెర్ఫ్యూము తెచ్చింది.

పూలు కాని ఒక పదార్థాన్ని ఇక్కడ వదలలేను. తేనెమైనం అబ్సల్యూట్. కొత్తగా కట్టిన తెల్లని పట్టు దీనికి పనికిరాదు. తేనెటీగల పిల్లపురుగులు తరాల తరబడి పెరిగి, నడిచి నడిచి నల్లబడిన పాత పట్టు కావాలి. పుప్పొడి, జిగురు, తేనె, ఈగల ఒంటి వాసన, అన్నీ ఆ మైనంలో ఇంకి ఉంటాయి. ఆల్కహాలుతో కడిగి వాటిని బయటికి తీస్తారు. వచ్చేది చాలా తక్కువ. వాసన చూస్తే ఎండుగడ్డి, పొగాకు, తేనె, వాటి వెనుక వెచ్చని గది. పువ్వుకూ తేనెకూ మధ్య ఒక ఒళ్లు ఉందన్నాను కదా, ఈ సీసాలో ఉన్నది ఆ ఒళ్లే. ఏ కృత్రిమ పదార్థంతోనూ దీన్ని పూర్తిగా కట్టలేకపోయాను.

నారింజ పువ్వు ఇంకో దారిలో తేనె చేరుతుంది. అందులోని మిథైల్ ఆంత్రానిలేట్ ద్రాక్షరసంలా వాసన వేస్తుంది. నారింజ తోటల తేనెలో కూడా ఇదే దొరుకుతుంది, తేనె నిజంగా ఆ పూలదేనా అని పరీక్షించేవారు దీన్ని గుర్తుగా వెతుకుతారు. దీన్ని హైడ్రాక్సీ సిట్రొనెలాల్‌తో కలిపితే రెండూ చర్య జరుపుకుని, ఒక చుక్క నీరు వదిలి, ఆరాంటియాల్ అనే చిక్కని పసుపుపచ్చ ద్రవం అవుతుంది. చూడటానికీ తేనెలాగే ఉంటుంది. ఇబ్బంది కూడా అక్కడే. వేసిన ప్రతిదానికీ రంగు పట్టిస్తుంది, తెల్లని క్రీములో వేయడానికి లేదు.

హనీసకుల్ అనే తీగ ఉంది, పేరులోనే తేనె. దాని నుంచి వ్యాపారానికి సరిపడా సారం తీయడం కుదరలేదు. మరి హనీసకుల్ అని రాసి ఉన్న సీసాల్లో ఏముంది? పెర్ఫ్యూమర్ ఊహ, కొంత శాస్త్రం. బతికున్న పువ్వు మీద గాజు బుడ్డి బోర్లించి, చుట్టూ ఉన్న గాలిని పీల్చి, అందులోని అణువులను విడదీసి చూడటాన్ని హెడ్‌స్పేస్ పద్ధతి అంటారు. జివోడాన్ అనే సుగంధ సంస్థలో పనిచేసిన రోమన్ కైజర్ 1970ల నుంచి ఈ పద్ధతితో ఎన్నో పూలను చదివారు. అయితే ఏ వేళ గాలి పట్టామన్నది ముఖ్యం. హనీసకుల్ చిమ్మటల కోసం పూస్తుంది, చీకటి పడేవేళ విజృంభిస్తుంది. మధ్యాహ్నం బుడ్డి బోర్లిస్తే మీరు పట్టేది దాని నిద్ర.

తేనె నోట్‌తో ధైర్యం చేసినవారి గురించి రెండు మాటలు. ముందు ఒక వేడుకైన సంగతి. 1853లో గెర్లాన్ సంస్థ ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ దంపతుల కోసం చేసిన కొలోన్ సీసా మీద 69 తేనెటీగలు ఉంటాయి. ఈగ ఆ రాజవంశం చిహ్నం. మూత తీస్తే మాత్రం నిమ్మజాతి తొక్కలు, నారింజ పువ్వు, రోజ్‌మేరీ. ఈగలన్నీ బయటే ఉండిపోయాయి, లోపల తేనె ఊసే లేదు.

తేనెను లోపలికి రానిచ్చినవాటిలో ఇవ్ సాన్ లోరాన్ వారి కూరోస్ ఒకటి, 1981లో పియేర్ బూర్డోన్ చేసినది. తెల్లని సీసా, మొదటి నిమిషం సబ్బు శుభ్రత, దాని కిందినుంచి తేనె, జంతువు చేయి చేయి పట్టుకుని నడిచి వస్తాయి. కొందరికి దేవాలయం, కొందరికి మూత్రశాల. మీ మూడో పట్టీ గొడవే, పెద్ద ఎత్తున. సెర్జ్ లుతాన్స్ 2005లో తెచ్చిన మియెల్ ద బువా, అంటే కర్ర తేనె, ఇంకా మొండిది. దాన్ని మెచ్చుకున్నవారు, తిట్టినవారు ఒకే గదిలో కూర్చోలేరు. నాకు ఆ రెండింటిలో మొదటిదంటే ఇష్టం. రెండోదంటే గౌరవం, కానీ ఒంటి మీద వేసుకోను.

(సభలో నుంచి ప్రశ్న: ఈ ఆమ్లం కొనడం కష్టమని విన్నాను, నిజమేనా?)

నిజమే. ఫినైల్ అసిటిక్ ఆమ్లం నుంచి ఆంఫెటమిన్ల వంటి మత్తుమందులు తయారు చేయవచ్చు. అందుకని 1988 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం కింద దాని మీద నిఘా ఉంది. చాలా దేశాల్లో కొనాలంటే కాగితాలు, సంతకాలు, లెక్కలు ఉంటాయి. పౌడరు పూల వాసననిచ్చే హీలియోట్రోపిన్‌దీ ఇదే గతి. రెండో పట్టీలోని ఆల్డిహైడ్‌కు ఉన్న ఇబ్బంది వేరు. అది కొందరి చర్మానికి అలర్జీ తెప్పించవచ్చు కాబట్టి, సుగంధ పరిశ్రమ అంతర్జాతీయ సంఘమైన ఇఫ్రా దానికి పరిమితులు పెట్టింది. మొత్తం మీద ఈ కుటుంబంలో ఏ పోలీసులూ ఏ వైద్యులూ పట్టించుకోకుండా వదిలేసింది గులాబీనే. చెప్పాను కదా, మర్యాదస్తురాలు.

(సభలో నుంచి ప్రశ్న: ఎంత వేయాలో తెలుసుకునే పద్ధతి ఏదైనా ఉందా?)

పద్ధతి అనేంత గొప్పది కాదు, నా అలవాటు చెబుతాను. ఒకే పూల మిశ్రమాన్ని ఐదు సీసాల్లో పోస్తాను. మొదటిదాంట్లో ఏమీ వేయను. తరువాతివాటిలో 1 శాతం ద్రావణం ఒక చుక్క, రెండు, నాలుగు, ఎనిమిది. అంకెలు సీసా అడుగున రాస్తాను, కనబడకుండా. మర్నాడు పొద్దున, ఏమీ తినకముందు, వరుస కలిపేసి చూస్తాను. తేనె అని నా నోటి నుంచి ఏ సీసా దగ్గర మాట వస్తుందో అది ఎక్కువైనట్టు లెక్క. దానికి ముందు సీసా తీసుకుంటాను. తేనె పెర్ఫ్యూమే చేయాలనుకున్నప్పుడు ఆ లెక్క వేరనుకోండి, అప్పుడు జంతువు పేరు ఎక్కడ నోటికొస్తుందో చూసి దానికి ముందు సీసా. ఇంకొక్క జాగ్రత్త. అలాంటి పెర్ఫ్యూమును నిర్ణయించే ముందు కాగితం మీద కాకుండా చర్మం మీద చూడండి. మన ఒంటికీ ఒక వాసన ఉంటుంది, వెచ్చదనం ఉంటుంది. కాగితం మీద తేనెగా నిలిచినది చేతి మీద గీత దాటేయవచ్చు.

ఇక ముగిద్దాం, హాలు ఇవ్వవలసిన సమయమైంది. వెళ్లేముందు రెండో పట్టీని మరోసారి చూడండి. గంటసేపు గాలికి ఉంది కదా, ఇందాకటి పదును తగ్గి, పచ్చికాడ వెనక్కి వెళ్లి, అడుగున ఉన్నది పైకి వచ్చి ఉంటుంది. ఇందాక ఆకు అన్నవారు ఇప్పుడేమంటారో నాకు వినాలని ఉంది, గుమ్మం దగ్గరే ఉంటాను. మూడో పట్టీని మాత్రం జేబులోనూ సంచిలోనూ పెట్టుకోకండి. గుమ్మం పక్కన మూత ఉన్న డబ్బా ఉంది, అందులో వేసి వెళ్లండి. మూత వేయడం మరిచిపోకండి.